పైకి లేవని చెక్క ఇల్లు

శ్రీవారికి,

నమస్కారాలు. పాప, నేను, మామయ్యగారు ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అని విడిగా ఎందుకు రాశానో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది. అక్కడ ఆ వంతెన పని మీద మీరూ క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. ఖాళీ కడుపుతో క్రేను ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అవుతోంది. ఈసారైనా వినండి.

మీ ఉత్తరంలో అడిగినవన్నీ వరసగా చెబుతాను, ఒక్కటి తప్ప. దానికి జవాబు చివర్లో ఉంది. ఏ ఉత్తరమైనా ముందు చివర చదివే అలవాటు మీకుంది. ఇవాళ మాత్రం దయచేసి అలా చేయకండి.

పాపకి పై పళ్లు రెండూ ఊడాయి, నవ్వితే వాకిలి తెరిచినట్టుంది. నా కుట్టుమిషను బాగైంది. ఇంకో మాట. మీరు అక్కడ అందరి ముందూ మన చెక్క కాటేజీని ‘చిన్నిల్లు’ అంటున్నారట. మీతో పనిచేసే వెల్డరు భార్య బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి, నా మొహంలోకి జాలిగా చూస్తూ, “మీవారు చిన్నిల్లు ఎక్కడ పెట్టారమ్మా?” అని అడిగింది. “చెరువు గట్టున. పలకలన్నీ నేనే దగ్గరుండి కొనిపెట్టాను” అన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడింది. ఆ మాట ఇక మానండి.

ఖర్చు సంగతి అడిగారు. స్థలం సర్కారు అనుమతి మీద ఇచ్చిందే కదా, చవగ్గా అయిపోతుందనుకున్నాం. ఇంటికి పట్టిన చెక్క కన్నా మరుగుదొడ్డి తొట్టికే ఎక్కువైంది. చెరువులోకి చుక్క దిగకూడదట. తొట్టి నిండితే లారీ వచ్చి తోడుకుపోవాలట. ఆ లారీ నిలబడడానికి కంకర మనమే పరిపించాలట. ముప్పావలా కోడికి మూడు రూపాయల మసాలా అంటే ఇదే. పైగా కంచె వేయకూడదు, ఏడాది పొడుగునా కాపురం ఉండకూడదు, మన గుమ్మం ముందు నుంచి ఎవరు నడిచినా కాదనకూడదు. కిందటి నెలలో ఎవరో పెద్దమనిషి మన మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పి కాళ్లు పిసుక్కుంటుంటే, ఏమీ అనలేక మంచినీళ్లిచ్చి పంపాను.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పెద్ద నిబంధన ఒక్కటీ ఒక ఎత్తు. ఇల్లు రాతి పలకల మీద ఊరికే ఆని ఉండాలి. నేలలో పిడికెడు సిమెంటు కూడా పడకూడదు. తీయమన్న రోజున తీసేయడానికి వీలుగా ఉండాలి. కొలతలు చూడడానికి వచ్చే ఆఫీసరు ఉన్నాడే, పాప ‘టేపు సారు’ అని పేరు పెట్టింది, ఆయన మామయ్యగారి ఎదుటే, “ఇది ఇల్లు కాదండీ, సామాను కిందే లెక్క” అన్నాడు. ఊళ్లో సగం ఇళ్లకి పునాదులు వేసి, తాను మాత్రం జీవితమంతా అద్దె గదుల్లో గడిపిన మేస్త్రీ మామయ్యగారు. మొదటిసారి తనదంటూ ఒకటి కట్టుకుంటుంటే దాన్ని సామాను అన్నారు. ఆ రోజు ఆయన మొహం చూడలేకపోయాను.

ఇక అసలు సంగతి. వారం పైన వానలు పడ్డాయి. తెరిపిచ్చాక వెళ్లి చూశాను. మన కిటికీ ముందు పాప ఆడుకునే నేల లేదు. గట్టు అంతమేర కోసుకుని నీళ్లలో పడిపోయింది. వరసలో ఉన్న కాటేజీలన్నీ వెనక్కి జరపాలని టేపు సారు క్రేను పిలిపించాడు. ఆ నిబంధన ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. పక్కవాళ్లవి ఒక్కొక్కటే బొమ్మల్లా లేచి, వెనక్కి వెళ్లి కూర్చున్నాయి. మన పక్క కాటేజీ టీచరమ్మ ఇంట్లో గ్లాసు కూడా పగల్లేదు.

మన వంతు వచ్చింది. బెల్టులు కట్టి లాగారు. లేవలేదు. ఇంకా గట్టిగా లాగారు. గోడ చెక్కలు కిర్రుమన్నాయి. మామయ్యగారు కదలకుండా చూస్తూ నిలబడ్డారు. అప్పుడు క్రేను వెనక చక్రాలు నేల మీంచి లేచాయండీ! నా కళ్లతో చూశాను. లోపలున్న మనిషి మీ ఈడువాడే, మీలాగే టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. “నేలని పట్టుకున్న బరువు జోలికి పోకూడదే, అది లేవదు, క్రేనే పడుతుంది” అని అన్నం తింటూ మీరు చెప్పే మాట నా చెవిలో మోగింది.

“ఆపండి! కింద కాంక్రీటుంది!” అని అరిచాను.

బెల్టులు వదులయ్యాయి. చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి. టేపు సారు వంగి, మూలన గడ్డి పక్కకి లాగి చూశాడు. మామయ్యగారు నన్ను ఒక్క చూపు చూసి తల తిప్పుకున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్న. “నాన్న చెయ్యి సిమెంటు మీదికి పోలేదు కదా?” అని అడిగారు. పోయిందండీ. నాలుగు మూలలా గోతులు తీసి, కాంక్రీటు పోసి, బోల్టులతో బిగించి, పైన మట్టి కప్పి గడ్డి నాటారు. “పునాది లేని ఇల్లు నా కొడుకు చేతికిస్తానా? ఎవరూ చూడరులేమ్మా. వాడికి మాత్రం రాయకు” అన్నారు. నేను రాయలేదు. పైగా ఇసుక జల్లించి ఇచ్చింది నేనే. ఆయన కళ్లలో అంత వెలుగు చూసి వద్దనలేకపోయాను. కిందటి ఉత్తరంలో అంతా రూలు ప్రకారమే ఉందని నేను రాసింది అబద్ధం.

టేపు సారు మంచివాడే. “జరిమానా లేకుండా చూస్తానమ్మా, కానీ అనుమతి నిలబడదు” అన్నాడు. స్థలం పోయింది. పునాది పెకలించి, ఇల్లు పట్టుకుపొమ్మన్నారు. కూలీల్ని పిలుద్దామంటే మామయ్యగారు ఒప్పుకోలేదు. “నేను వేసింది ఇంకొకడు ముట్టుకోవడానికి వీల్లేదు” అని టేపు సారుతో చెప్పి, ఆ వయసులో తానే సుత్తి పట్టారు. నేను అన్నం పట్టుకెళితే అటు తిరిగి తిన్నారు. అప్పటి నుంచి నాతో మాట లేదు. ఏం కావాలన్నా పాపతో చెప్పిస్తున్నారు.

ఇల్లు ఇప్పుడు కలప దుకాణం పెరట్లో దుంగల మీద ఉంది. పాప అందులోనే కూర్చుని చదువుకుంటోంది. కిటికీలోంచి చూస్తే నీళ్లకి బదులు చెక్కల గుట్ట. ఇల్లుంది, పెట్టుకోవడానికి జానెడు నేల లేదు. తలుచుకుంటే ఏడుపొస్తోంది. కానీ ఆ క్రేను మనిషి ఆ సాయంత్రం క్షేమంగా ఇంటికి వెళ్లాడు. నేను చేసింది తప్పంటారా? మీరే చెప్పాలి.

ఇంతవరకు రాసేసరికి మామయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“వాడికేనా?” అన్నారు. నాతోనే అన్నారు. పాప ఇంట్లో లేదు కూడా.

“అవును మామయ్యగారూ.”

“అంతా రాశావా?”

“రాశాను.”

కాసేపు తన అరచేతుల్లో బొబ్బలు చూసుకున్నారు. “ఆ పునాది పగలగొట్టడానికి నాకు మూడు రోజులు పట్టిందని కూడా రాయి. ఊరికే ఊడొచ్చేసిందనుకుంటాడు వెధవ” అన్నారు. వెళ్లబోతూ మళ్లీ ఆగారు. “ఇసుక బాగా జల్లించావమ్మా. ఎక్కడ పగలగొట్టినా ఒక్క మట్టిబెడ్డ కనపడలేదు.”

ఆయన చెప్పినట్టే రాశాను.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
మీ ఇల్లాలు