రాయిలోని పిలుపు

మాదాపూర్,
14-6-1997

చిరంజీవి కరుణకి, నాన్న దీవెనలు.

దేవుని దయవల్ల ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, హాస్టల్లో నీ తోటి పిల్లలూ బాగున్నారనుకుంటాను. నీ ఉత్తరంలో మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కితేనే నొప్పి. "పెద్దవాళ్లు ముగ్గురుండి ఒక్క రాయితో వారం రోజులు కుస్తీ ఏంటి నాన్నా?" అని నవ్వావు. అదే చెబుతాను.

మేం కడుతున్న భవనం పునాది గోతి అంచున ఇల్లంత బండ. దాని కింద కూలీల గుడిసెలు. ఎండ ముదిరితే బండలోంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు చప్పుడు. ఇంజనీరు శ్రీనివాసరావు గారు దేన్నయినా ముక్కలు చేసి కాగితం మీద పెట్టే మనిషి. బండలోని పగులుకి అడ్డంగా గాజుముక్క అతికించారు. రాయి కదిలితే అది పగలాలి. పగల్లేదు. "వేడిగాలి, అంతే" అన్నారు.

పాలమూరు నుంచి వచ్చిన సాయమ్మ రాళ్లు కొడుతుంది. సుత్తితో తట్టి, చెవి పెట్టి వింది. "ఇది గుల్ల సారూ. పడతది."

"ఎటు పడుతుంది? ఎప్పుడు?" అన్నారాయన.

"అది నాకెర్కలేదు. గుడిసెలు తీయించుండ్రి."

నాది మూడో దారి. కొత్తది ఏది చూసినా పాతదేదో గుర్తు తెచ్చుకుంటాను. సాగర్ డ్యామ్ పనిలో ఇలాంటి బండే మూడేళ్లు కదలకుండా నిలబడింది. అదే చెప్పాను. ఇంజనీరు గారూ నేనూ ఒకవైపు అయ్యాం, గుడిసెలు ఉండిపోయాయి.

గురువారం మధ్యాహ్నం గాజుముక్క చూడ్డానికి వెళ్లాను. చెక్కు చెదరలేదు. ఒక్కసారి బండకి చెవి ఆనించి, వెంటనే కిందికి పరుగెత్తాను. మూడో గుడిసెలో సాయమ్మ మనవరాలు ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఎత్తుకుని, "బయటికి రండి, అందరూ రండి" అని అరిచాను. చివరి మనిషి బయటపడేసరికి బండ జారింది. మూడు గుడిసెలు నుజ్జయ్యాయి. ప్రాణాలు దక్కాయి.

సాయంత్రం శ్రీనివాసరావు గారు రాళ్లలో వెతికారు. గాజుముక్క పగలకుండానే దొరికింది. పగులుకి రెండు వైపులా ఉన్న రాయి కలిసే కదిలింది. ఆ గాజుముక్కని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారాయన. నిన్నటి నుంచి సాయమ్మ తట్టి చూడనిదే ఏ రాయికీ గట్టిదని గుర్తు పెట్టడం లేదు.

నేనెందుకు పరుగెత్తానని అందరూ అడిగితే, చప్పుడు మారిందని చెప్పాను. అబద్ధం, తల్లీ. నీకు రాయనా మాననా అని రెండు రోజులు ఆగాను. రాయిలోంచి మీ అమ్మ గొంతు వినిపించింది. పోయి రెండేళ్లయినా అదే గొంతు. "ఏమండీ, కరుణ నిద్రపోతోంది, లేపండి." నువ్వు గుంటూరులో ఉన్నావన్న సంగతే మర్చిపోయాను. నిన్ను లేపడానికే పరుగెత్తాను. కనపడ్డ పిల్లని ఎత్తుకున్నాను.

పిచ్చి పట్టిందేమోనని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ నీ పేరు తెలిసినవాళ్లు కూడా లేరు.

ఇవాళ అన్నం తినేటప్పుడు సాయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "మేస్త్రీ, నేను చెవి పెట్టిననాడు ఎవలో ఆడమనిషి మాట్లాడింది. చెప్తే నమ్మరని గుల్ల అన్న" అంది. నా మొహంలోకి చూసింది.

"కరుణ ఎవలు?"

చెయ్యి కడుక్కుని వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వెలా ఉన్నావో ఈ ఉత్తరం అందిన రోజే రాయమ్మా.

ఇట్లు,
మీ నాన్న,
సాల్మన్