సబ్బుతో తోమిన ఈస్ట్ కొయ్య

ఐవిన్, నీ తమ్ముడు అత్తయ్య ఈస్ట్‌ను చంపేశాడు! గోడకు వేలాడే కొయ్య చక్రాన్ని నిల్స్ సబ్బుతో తోమేశాడు. "పెచ్చులు కట్టింది వదినా, తళతళలాడించేశా" అని నవ్వుతున్నాడు. ఆ పెచ్చులే కదా బీరు పొంగించడానికి అత్తయ్య ఎండబెట్టి దాచిన ఈస్ట్! అత్తయ్య అంత్యక్రియల బీరును కొట్లో కొన్న పొట్లం ఈస్ట్‌తో పొంగించాలా?

అదే ఈస్ట్ పక్కింటి బ్రీతా దగ్గర ఉంది, అప్పట్లో అత్తయ్యే ఇచ్చింది. ఊళ్లో ఆనకట్ట కట్టాలా వద్దా అన్న గొడవలో ఆమెను ద్రోహి అన్నాను, నాకు తలుపు తీయదు. నేను వోస్ పట్నంలో సభకు పోతున్నాను. బార్లీ తీపినీళ్లు కాచి పొయ్యి పక్కన పెట్టాను. గోరువెచ్చగా ఉండగానే ఈస్ట్ కలిపితే రేపు బీరు కాచేవేళకు నురగ లేస్తుంది.

– రాగ్నా

ఆనకట్ట మీద నా మాట మారలేదని బ్రీతాకు చెప్పు. అయినా సరే, మీ అమ్మ పేరు చెప్పి అడుగు. చల్లారేలోపు ఈస్ట్ తీసుకురా.