ఆ బాతు ట్యూబు కాలవకి తీసుకెళ్లకు

ఇమ్మానియేలూ,

సాయంత్రం పాపని కాలవకి తీసుకెళ్తే ఆ బాతు ట్యూబు మాత్రం పట్టుకెళ్లకు. గాలి తీసేసి బియ్యం డబ్బా వెనక దాచాను. రేపు ప్రత్తిపాడు వెళ్లినప్పుడు బొమ్మల కొట్లో తిరిగిచ్చెయ్.

కొట్టు బుడాన్ గారు పొద్దున్నే సైకిలు మీద ఇంటికొచ్చారు. "అమ్మా, మీ తమ్ముడు కొన్న ట్యూబుకి అతుకు ఊడి గాలంతా ఒక్కసారే పోతోందంట. అమ్మినవన్నీ వెనక్కి పంపమని కంపెనీవాళ్లు కబురు పెట్టారు. పిల్లని అందులో కూర్చోబెట్టకండి" అని చెప్పారు. నేను నమ్మక నీళ్లతొట్టిలో ముంచి నొక్కి చూశాను. బాతు మెడ దగ్గర బుడబుడా బుడగలొచ్చాయి. నిన్న పాపని అందులో కూర్చోబెట్టి నడికాలవ దాకా తోసుకెళ్లావు కదరా!

నువ్వు మనసు కష్టపెట్టుకోకు. ఎంత ముచ్చటపడి తెచ్చావో నాకు తెలుసు. ఈ అక్కకి ఒక జాకెట్టు ముక్కైనా తేలేదనుకో, అది వేరే సంగతి.

పాప ఏడిస్తే బాతుకి జ్వరమొచ్చిందని చెప్పు. గట్టు పక్కనే, నీ మోకాలి లోతులోనే ఆడించు. చెయ్యి వదలకు. కుండలో పప్పుచారుంది, ఇద్దరూ తినండి. నా బస్సు వచ్చేస్తోంది.

అక్క

చెప్పడం మరిచాను. నడికాలవలో భయమెయ్యలేదా అని రాత్రి పాపని అడిగాను. "మావయ్య పట్టుకున్నాడుగా" అంది. బాతుందిగా అనలేదురా.