కుడి భుజం

మార్చి 9, ఆదివారం
కొట్టు పై గది నుంచి

చిరంజీవి బాబిన్‌కి,

అక్క ఆశీస్సులు. మరిదిగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయబోయి కలం ఆపాను. రెండేళ్ళ తరువాత రాస్తున్న ఉత్తరం, మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకు? నేను అంత క్షేమంగా ఏమీ లేను. కంగారుపడే జబ్బు కాదులే, నింపాదిగా చదువు. నిన్ను బాబిన్ అని పిలిచే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు. చిన్నప్పుడు నా కుట్టు మిషన్ చుట్టూ దారపు కండెలా గిరగిరా తిరిగేదానివని పెట్టిన పేరది. నీ అసలు పేరుతో మొదలుపెడితే, బట్టలు తయారయ్యాయి వచ్చి పట్టుకెళ్ళండి అని ఎవరో గిరాకీకి రాసినట్టుంది.

ముందు కబుర్లు. కొట్టు బాగానే నడుస్తోంది. వీధి చివర రెడీమేడ్ దుకాణం తెరిచాక కొత్త బట్టలు కుట్టే పని తగ్గి, అక్కడ కొన్నవాటిని సరిచేసే పని పెరిగింది. చేతులు పొట్టి చేయడం, నడుము వదులు చేయడం. ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడంలో నన్ను మించినవాళ్ళు లేరని నీకు తెలుసుగా. కాజాల పిన్ని ఇప్పటికీ కిటికీ పక్క బల్ల మీద కూర్చుని కాజాలు కుడుతోంది. కళ్ళద్దాలు మార్చింది గానీ నోరు మార్చలేదు. నువ్వెప్పుడొస్తావని వారానికోసారి అడుగుతుంది. పనుల్లో ఉందట అని చెబుతుంటాను.

ఇక అసలు సంగతి. డిసెంబరు నుంచి నా కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పెద్ద కత్తెర పట్టుకుంటే పది నిమిషాలకే జారిపోతోంది. పదును లేదని సానపట్టే అతనితో తగువు పెట్టుకున్నాను. తరువాత, కత్తిరించే బల్ల ఎత్తు తగ్గిందని వడ్రంగిని పిలిపించాను. ఆయన కొలిచి చూసి, బల్లలు కుంగవమ్మా, మనుషులే కుంగుతారు అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వరస. చివరికి పిన్ని పోరు పడలేక పోయిన నెల ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళాను.

ఆయన నన్ను గళ్ళు గీసిన గోడకు ఆనించి నిలబెట్టి ఫోటో తీశాడు. నా కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్ళ మందం కిందికుంది. ముప్ఫై ఏళ్ళుగా కుడిపక్కకు వంగి కత్తిరించడం, ఆ చేత్తోనే బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తడం. ఇది నిన్నామొన్నటిది కాదు, కనీసం ఇరవై ఏళ్ళదన్నాడు. నేను నిటారుగా నిలబడే మనిషినండీ, చిన్నప్పుడు మా అమ్మ అందరికీ నన్నే చూపించేది అని వాదించాను. ఆయన ఫోటో నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు గుర్తొచ్చింది నా నొప్పి కాదు, నీ బట్టలు.

ఈ చుట్టుపక్కల నేను టేపు పెట్టని మనిషి లేరు. నీకు మాత్రం ఒక్కనాడూ పెట్టలేదు. మనిద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒళ్ళు, ఎందుకు శ్రమ అని నీ గౌన్లూ చొక్కాలూ నేనే తొడుక్కుని, అద్దంలో చూసుకుంటూ గుండుసూదులు గుచ్చి, నా ఒంటి మీదే సరిచేసేదాన్ని. నా వంకరకు సరిపోయేలా కుట్టి నీకు తొడిగేదాన్నన్న మాట. నీ భుజాలు సమంగా ఉండబట్టి కుడివైపు బట్ట బిగుసుకుని, మెడ దగ్గర ముడత పడేది. అది చూసి నేనేమనేదాన్ని? కుడి భుజం ఎత్తి నిలబడతావేమే, దించు, ఇంకా దించు. నీకు పద్దెనిమిదేళ్ళు వచ్చినప్పటి నుంచీ అదే పాట. పాపం, నువ్వు దించావు. ఫోటోల్లో వెనక వరసలోకి వెళ్ళిపోయావు. ఎంత బరువున్నా సంచీ కుడి భుజానికే తగిలించుకునేదానివి, బరువుకైనా దిగుతుందని.

రెండేళ్ళ కిందటి ఆ కోటు సంగతీ రాయాలి. ఆఫీసులో పెద్ద ఉద్యోగానికి ఇంటర్వ్యూ, వేసుకెళ్తానని నువ్వు నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క బట్ట. తొడుక్కుని, మెడ దగ్గర ముడత తడుముకుని, "అక్కా, ఒక్కసారి టేపు పెట్టి కొలవవా" అని మెల్లగా అడిగావు. నలుగురు గిరాకీల ముందు నేను, "వంకర కోటులో లేదు, నీలో ఉంది" అన్నాను. నువ్వు కోటు విప్పి, చక్కగా మడతపెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయావు. విసిరికొట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, మర్నాడు ఏ ముఖమో పెట్టుకుని మీ ఇంటికి వచ్చేదాన్ని. ఆ మడత చూశాక రాలేకపోయాను.

ఇప్పుడైనా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం మరిదిగారు పాప ఫోటో పంపారు. నీతో చెప్పకుండానే పంపి ఉంటారు, ఆయన్నేమీ అనకు. బడిలో బహుమతి అందుకుంటోంది. పదకొండేళ్ళ పిల్ల, అంతమంది ముందు కుడి భుజం వేలాడేసుకుని నిలబడింది. ఆయనకే ఫోను చేసి అడిగాను. వాళ్ళమ్మ పోలికే వచ్చిందట, కుడి భుజం లేస్తుందట, అందుకని దించమని నువ్వు రోజూ చెబుతున్నావట, బడి సంచీ కూడా అటువైపే వేయిస్తున్నావట. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. నా పాట నీ నోట ఆ పిల్ల దాకా వెళ్ళింది.

ఆ సంచీ ఇవాళే తీయించు. పిల్ల ఎముకలు లేతవి, ఏళ్ళ తరబడి మోస్తే నిజంగానే వంగిపోతాయని డాక్టరు చెప్పాడు. పాపను గోడకు ఆనించి, రెండు భుజాల దగ్గరా పెన్సిలుతో గీత గీసి చూడు. తరువాత నువ్వు నిలబడి పాపచేత గీయించుకో. ఇన్నేళ్ళు దించీ దించీ నీదిప్పుడెలా ఉందో నాకు తెలియదు. పుట్టుకతో మాత్రం నీలో ఏ వంకరా లేదు.

నేనిప్పుడు రోజూ పొద్దున్నే పావుగంట గోడకు ఆని నిలబడుతున్నాను. వ్యాయామాలు నేర్పే అమ్మాయి కళ్ళు మూసుకోమని, ఊపిరి నిదానంగా వదలమని, ఒంట్లో ఎక్కడెక్కడ బిగుసుకుందో చూసుకోమని చెబుతుంది. నా ఒళ్ళు నాకు తెలియదా అని మొదట్లో నవ్వొచ్చింది. తీరా చూసుకుంటే పళ్ళు బిగబట్టి ఉన్నాను, పిడికిళ్ళు బిగించి ఉన్నాను, ఎవరి మీదో నాకే తెలియదు. నీకు ముక్కు మీద కోపమని ఊరంతా చెప్పుకొచ్చేదాన్ని కదా. అదీ నా కొలతే అయ్యుంటుంది, నీకు తొడిగాను. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. తెలియక చేశాను తల్లీ, క్షమించు.

డాక్టరిచ్చిన ఫోటో పిన్నికి చూపించాను. చూసి, ఊఁ అని, మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది.

నీ కోటు కుట్లు విప్పి ఉంచాను. కొలతలు కావాలి. రావాలని లేకపోతే పాపచేత టేపు పెట్టించి అంకెలు రాసి పంపు. వస్తే మాత్రం నేనే తీస్తాను.

నీ
అక్క

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. మొదటి వాక్యంలో వద్దనుకున్న అబద్ధం చివర్లో రాశాను. తెలియక చేశానన్నది అబద్ధం. నీ భుజం కుంగుతోందే అని పిన్ని నాతో ఎనిమిదేళ్ళ కిందటే చెప్పింది. కొట్టుకు సెలవున్న రోజు అద్దం ముందు నాకు నేనే టేపు పెట్టుకుని చూశాను. అప్పటి నుంచీ నా బట్టలన్నిటికీ కుడి భుజం లోపల గుడ్డ ప్యాడ్ పెట్టుకుంటున్నాను, నిటారు మనిషినని అమ్మ ఇచ్చిన పేరు పోతుందని. డాక్టరు ముందు ఆశ్చర్యపోవడమూ నాటకమే. నీ బట్టలు వేసుకుని చూసేటప్పుడు మాత్రం ఆ ప్యాడ్ తీసేదాన్ని. కోటు అప్పుడూ తీశాను. ఉంచుకుని ఉంటే కోటు నీకు అతికినట్టు సరిపోయేది. అదొక్కటి సరిపోతే, అంతకు ముందువన్నీ ఎందుకు సరిపోలేదని నువ్వు అడిగేదానివి.

ఆ ప్యాడ్ ఈ కవరులోనే పెట్టాను. నాకిక అక్కర్లేదు, ఉన్నదున్నట్టుగానే కొట్టులోకి వెళుతున్నాను. సంచీ ఎందుకు తీసేయమంటున్నావని పాప అడిగితే, వంకర పెద్దమ్మదని చెప్పు.