మోకాలెత్తు మల్లె

రుక్కూ,

నువ్వు పోయాక మొదటిసారి మన మల్లెచెట్లు నేనే కత్తిరించాను. గుడియాత్తంలో కొన్న పువ్వు నీ పటానికి పెట్టడం నాకిష్టం లేదు. చలి పోకముందే మోకాలెత్తుకు కొట్టేయాలని ఏటా అనేదానివి కదా, నా మోకాలికి కొలిచి కొట్టాను. ఎవర్నీ అడగలేదు.

పక్కింటి వళ్ళి చూసి నవ్వింది. "ఇంతెత్తు పెడితే ఆకే వస్తాది మామా, పువ్వు యాడ వస్తాది? అత్త కొట్టింది ఆయమ్మ మోకాలికి."

"నాకు తెలుసులే, పో" అన్నాను.

నాకు తెలియదు. ఆమె వెళ్ళాక వెతికితే, పోయినేడు నువ్వు కోసిన మచ్చలు కొమ్మల మీద కనిపించాయి. పక్కన నిలబడి చూశాను. నా మోకాలికి బెత్తెడు కింద ఉన్నాయి. అక్కడికే మళ్ళీ కొట్టాను.

ఇన్నేళ్ళు పక్కన నడిచినా, నువ్వంత పొట్టిదానివని నాకెప్పుడూ అనిపించలేదు.