భట్టీ ముందు కాపలా

చిన్నమ్మా,

ఫోన్లో నువ్వు రెండు మాటలకే పెట్టేస్తావు కాబట్టి ఈ ఉత్తరం. ఫిన్లాండ్ చలికి బయటికి పోలేక, పొద్దుపోవడానికి ఓవెన్ కొని బిస్కెట్లు చేస్తున్నాను.

చిన్నప్పుడు మన మైదా, చక్కెర, నెయ్యి మోసుకెళ్లి చిక్కడపల్లి బేకరీలో బిస్కెట్లు చేయించేవాళ్లం కదా. "జర కన్ను పక్కకు పోతే మన నెయ్యి వేరేటోళ్ల బిస్కెట్లల్ల పడ్తది" అంటూ నువ్వు భట్టీ ముందు నుంచి లేచేదానివి కాదు. నాకూ అదే అలవాటు. ఇక్కడ నా ఇంట్లో, నా ఓవెన్ ముందే స్టూలు వేసుకుని కాపలా కూర్చుంటాను.

పక్కింటి పెద్దావిడ ఐనో మొదటి ఆరు నెలలు తలూపడమే తప్ప మాట్లాడింది లేదు. ఒక శనివారం వాసనకు తలుపు తట్టి లోపలికొచ్చింది, ఓవెన్ ముందు స్టూలు చూసి, ఎందుకలా కూర్చున్నావంది. నెయ్యి సంగతి చెప్పాను. నవ్వలేదు. ఇంటికి పోయి తన స్టూలు తెచ్చుకుంది. ఇప్పుడు ప్రతి శనివారం వస్తోంది.

బిస్కెట్లు బాగానే వస్తున్నాయి, కొలతలేం రాయకు. అశోక్‌నగర్, నారాయణగూడ నుంచి బిస్కెట్లు చేయించుకోవడానికి వచ్చే ఆడవాళ్లతో ఆ భట్టీ ముందు గంటలకొద్దీ ఏం మాట్లాడేదానివో అది రాయి. చలి గురించి మేం చెప్పుకోవాల్సిందంతా అయిపోయింది, శనివారం దగ్గరికొస్తోంది.

నీ అక్క బిడ్డ