చెల్లెకు కుదిరిన సైకిల్

శ్రీనూ,

నువ్వు పోయి ఏడాదైంది. వంగిన చక్రం మార్పించి నీ రేసు సైకిల్ తనే తొక్కుతానంది మీ చెల్లె. ఇద్దరం పటాన్‌చెరు దుకాణానికి వెళ్లాం.

దుకాణదారు మీ చెల్లెను నీ సైకిల్ మీద ఎక్కించి చూశాడు. "ఈ ఫ్రేము అన్న ఎత్తుకు తీసుకున్నది. పాపకు పెద్దగైతది. సీటు దించినా హ్యాండిల్ దూరమే. బ్రేకు జల్దీ అందదు," అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

"మరి నాకేది సరిపోతది?" అంది.

అతను చిన్న ఫ్రేమున్న సైకిల్ తెచ్చాడు. ఎక్కితే మోచేతులు హాయిగా వంగాయి, కాళ్లు సరిగ్గా అందాయి. "కొలిచి చేసినట్టున్నది," అన్నాడు. అదే కొని ఇంటికి తెచ్చుకున్నాం.

రేపు పొద్దున జిన్నారం వైపు వెళ్తుందట. ట్యాంకరు నిన్ను గుద్దిన దారే. వద్దన్నాను.

"అన్న రోజూ గదే తొవ్వల పోయేటోడు గదమ్మా."

ఇప్పుడు సీటు బిగిస్తోంది. సైకిల్ కదలకుండా నేనే పట్టుకున్నాను.

అమ్మ